ఎన్ని ఓమ్సు?

మాది కళ్యాణదుర్గం తాలూకాలో ఒక మాదిగ గేరి. ఊరి పేరు రాయను. రాస్తే ఆ ఊర్లో రేపు పొద్దున కూడా బతకాల్సిన మావాళ్లకు నా రాత బరువవుతుంది. నేను పుట్టింది 1975లో అని బడి సర్టిఫికెట్టు చెబుతుంది. మా అమ్మ మాత్రం "శెనక్కాయ ఎండిపోయిన యేడు" అంటుంది. సాలుకు 550 మిల్లీమీటర్ల చిల్లర వాన సగటు లెక్కగా ఉండే జిల్లాలో, ఆ సగటు కూడా సరిగా పడని మా పక్కన, అది ఏ యేడైనా కావచ్చు.

ఇప్పుడు నాకు కళ్యాణదుర్గంలో ఒక చిన్న అంగడి ఉంది. కార్లకూ, ట్రాక్సులకూ, ఆటోలకూ పాటల సెట్లు బిగిస్తాను. కాలిన కాయిళ్లు చుడతాను. నా బతుకంతా ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది. పెట్టె ఎన్ని ఓమ్సు? ఆంప్లిఫైరు ఎన్ని ఓమ్సు మోస్తుంది? దళిత పుస్తకంలో ఈ మెకానిక్కు గోలేమిటని మీకు అనిపించవచ్చు. నేను ఉద్యమంలో ఉపన్యాసాలు ఇచ్చినవాణ్ణి కాదు. ఉపన్యాసాలు ఇచ్చేవాళ్ల కాళ్ల కింద, స్టేజీ పలకల కింద దూరి తీగలు కలిపినవాణ్ణి. నాకు తెలిసింది తీగలే. ఆ సంగతే రాస్తాను.

మా నాయన తప్పెట కొట్టేవాడు. సరదాకు కొట్టేది కాదు. ఊర్లో ఎవరు చచ్చినా కొట్టాల. పెద్దోళ్ల ఇంట్లో పెండ్లయితే ముందర నడుస్తా కొట్టాల. మునసబు పన్ను వసూలుకు వస్తే వీధివీధీ చాటింపు వేయాల. కళ్లంలో మేర గింజలు కొలిచేటప్పుడు తువ్వాలు పరిచి దూరంగా నిలబడాల. కొట్టే ముందు కంది కట్టె మంట పెట్టి తప్పెటను కాచేవాడు. ఎంత కాచాలో మా నాయన చేతికి తెలుసు. తక్కువ కాస్తే మూగగా మోగుతుంది. ఎక్కువ కాస్తే తోలు చిట్లుతుంది. వేలితో ఒకసారి మీటి, చెవి దగ్గర పెట్టుకొని, మళ్లీ మంట మీద తిప్పేవాడు. సౌండుకు ఒక హద్దు ఉంటుందని నేను మొదట నేర్చుకుంది ఆ మంట దగ్గరే. అయితే దాన్ని ఇప్పుడు కథగా చెప్పుకుంటే బాగుంటుంది గానీ, అప్పుడు నాకు ఆ తప్పెటంటే సిగ్గు. బళ్లో పిల్లోళ్లు డెస్కు మీద వేళ్లతో కొట్టి నన్ను చూసి నవ్వేవాళ్లు.

1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో దళితుల్ని నరికి కాలవలో, పొలాల్లో పారేశారు. ఆ వార్త హాస్టలు పిల్లోళ్ల ద్వారా మా గేరికి చేరింది. అప్పటికి అంబేద్కర్ నూరేళ్ల పండగ జరిగి నాలుగు నెలలు కూడా కాలేదు. ఆ వారంలోనే ఊర్లో ఒక పెద్దాయప్ప చచ్చిపోయినాడు. కబురొచ్చింది. మా నాయన తప్పెట తీసి దూలానికి తగిలించి, "ఇంగ నేను కొట్టను పోప్పా" అన్నాడు. అంతే. ఉపన్యాసం ఏమీ చెప్పలేదు. ఆ యేడు కళ్లంలో మాకు మేర లేదు. అప్పు పుట్టలేదు. మా అమ్మను కలుపు కూలికి పిలిచేవాళ్లు లేరు. నేను అప్పుడే పదో తరగతి లెక్కల్లో తప్పినాను. సంచిలో రెండు చొక్కాలు పెట్టుకొని కళ్యాణదుర్గంలో ఒక మైకు సెట్టు అంగట్లో చేరినాను. ఒక రకంగా, మా నాయన తప్పెట ఆపినందుకే నేను మైకు పట్టినాను.

మైకు అంగట్లో ఎవరూ పని నేర్పరు. మోయమంటారు. హారన్లు, గొట్టాలు, తీగల చుట్టలు, బ్యాటరీలు. మోస్తా మోస్తా చూసి నేర్చుకోవాల. ఆంప్లిఫైరు వెనక ఒక వరసలో మరలు ఉంటాయి. కామన్, 4, 8, 16, ఆ పక్కన 100 వోల్టుల లైను. ఆ అంకెలేమిటని అడిగితే మేస్త్రీ "నీకెందుకురా, నేను చెప్పిన దాంట్లో బిగించు" అనేవాడు. చదువంటే ఎవరు దాచుకుంటారో మీకు తెలుసు. తీగల చదువును కూడా దాచుకుంటారని నాకు అక్కడ తెలిసింది.

చివరికి పాత పుస్తకాల బండి మీద దొరికిన అట్టలేని రేడియో పుస్తకంలో చూసి నేర్చుకున్నాను. హారను యూనిట్టు సాధారణంగా 16 ఓమ్సు. రెండు హారన్లను పక్కపక్కన, అంటే ఎర్ర తీగకు ఎర్ర, నల్ల తీగకు నల్ల కలిపితే 8 అవుతుంది. నాలుగు కలిపితే 4. ఎన్ని ఎక్కువ కలిపితే అంత తగ్గుతుంది. ఇది నాకు మొదట్లో నమ్మబుద్ధి కాలేదు. నలుగురు కలిసి అడ్డం నిలబడితే అడ్డం పెరగాల గదా, తగ్గడమేమిటి? మా గేరి కొళాయి గుర్తొచ్చినాక అర్థమైంది. ఊర్లో ట్యాంకు నుంచి ఒక్క కొళాయి తిప్పితే నీళ్లు కొద్దిగా పోతాయి. పది కొళాయిలు తిప్పితే నీళ్లకు పది దారులు. ట్యాంకు గబగబా దిగిపోతుంది. ఊరి కొళాయిలన్నీ తిప్పినాక చివరన ఉన్న మా గేరి కొళాయిలో గాలి బుస్సుమనేది. ట్యాంకు ఎత్తు వోల్టేజి. పోయే నీళ్లు కరెంటు. గొట్టం సన్నదనం ఓమ్సు. కాలేజీలో ఫిజిక్సు చదివిన మీకు ఇది చిన్న విషయం. నాకు మాత్రం బిందె పట్టుకొని నిలబడిన అనుభవంలో నుంచే వచ్చింది.

ఓమ్ అనేది మనిషి పేరని కూడా ఆ పుస్తకంలోనే చదివినాను. గేయోర్గ్ ఓమ్ జర్మనీలో తాళాలు చేసేవాని కొడుకు. 1827లో తన లెక్కను పుస్తకంగా అచ్చు వేస్తే అక్కడి పండితులు చాలామంది ఖాతరు చేయలేదు. 1841లో లండను రాయల్ సొసైటీ పతకం ఇచ్చినాక గానీ పేరు రాలేదు. ఆ పుస్తకం వచ్చిన సరిగ్గా నూరేళ్లకు, 1927 మార్చి 20న, మహద్‌లో అంబేద్కర్ చవదార్ చెరువు నీళ్లు దోసిట్లోకి తీసుకున్నాడు. ఈ రెండింటికీ సంబంధం ఏమీ లేదు. నా అంగట్లో గోడ మీద ఆ రెండు సంవత్సరాలూ సుద్దతో రాసి పెట్టుకున్నాను, అంతే.

ఒక దేవళం తిరనాల సంగతి చెప్పాల. 1993లో అనుకుంటాను. సెట్టు మొత్తం నేనే మోసినాను. వేపచెట్టు ఎక్కి హారన్లు కట్టినాను. తీగలు లాగినాను. ఆంప్లిఫైరు మాత్రం గుడి మంటపంలో పెట్టినారు. గడప దాకా నేను మోసింది, గడప దాటినాక వేరే పిల్లోడు అందుకున్నాడు. వాడు నాకంటే చిన్నోడు, పనికి కొత్త. గడప దాటే కులం వాడు. మధ్యాహ్నానికి పాట గరగరమంటా ఆగిపోయి, మళ్లీ వచ్చి, మళ్లీ ఆగింది. నాలుగు హారన్లు పక్కపక్కన కట్టి ఉన్నాయి, అంటే 4 ఓమ్సు. వాడు తీగను 16 మరకు బిగించినాడు. 16 మోసే చోట 4 పెడితే ఆంప్లిఫైరు తన శక్తికి మించి కరెంటు ఇయ్యబోయి వేడెక్కుతుంది. నేను గడప బయట నిలబడి కేకలేస్తాండాను. "రేయ్, పదహార్లో తియ్యి, నాలుగులో పెట్టు! నల్ల తీగ కదిలించొద్దు!" వాడు నల్ల తీగ పీకినాడు. నాలుగడుగుల దూరం. నా చేతికి స్క్రూడ్రైవరు ఉంది. లోపల నేను మోసుకొచ్చిన మిషను ఉంది. మధ్యలో రాతి గడప. అరగంట సేపు నా నోటితో వాని చేతులను ఆడించినాను. చివరికి పాట వచ్చింది. ప్రసాదం వానికి ఇచ్చి, నాకు చెట్టు కింద విస్తరి వేసినారు. వాణ్ణి మెచ్చుకున్నారు, "బలే సరిజేసినావురా" అని.

ఆ అంగట్లో ఇంకో రెండేండ్లు చేసి బెంగుళూరు పోయినాను. మా పక్క జనానికి కరువొస్తే బెంగుళూరే గదా దిక్కు. మొదట మట్టి పని, తరవాత జె.సి. రోడ్డులో కార్లకు సెట్లు బిగించే అంగడి. అక్కడ ఒక సాయిబు ఉస్తాదు నాకు నిజంగా పని నేర్పినాడు. దాచుకోకుండా నేర్పినవాడు నా జీవితంలో ఆయన ఒక్కడే. మొదటి దినం ఒక పాత స్పీకరు చేతికిచ్చి మీటరుతో చూడమన్నాడు. వెనక 4 ఓమ్సు అని ముద్ర ఉంది, మీటరు 3.4 చూపించింది. చెడిపోయిందన్నాను. నవ్వినాడు. మీటరు చూసేది తీగ ఊరికే ఉన్నప్పటి అడ్డం. పాట పోయేటప్పుడు కాయిలు కదులుతుంది, అయస్కాంతంలో ఊగుతుంది. అప్పుడు స్వరాన్ని బట్టి అడ్డం మారుతా ఉంటుంది. ఒక్కో చోట 4 ఉండేది పదింతలు కూడా అవుతుంది. దాన్నే ఇంపీడెన్స్ అంటారు. వెనక రాసిన అంకె ఒక గుర్తు మాత్రమే. ఊరికే ఉన్న స్పీకరును కొలిచి, అది మోగేటప్పుడు ఏం చేస్తుందో చెప్పలేవు అన్నాడు ఆయన, కన్నడం, ఉర్దూ, తెలుగు కలిపి.

సబ్‌వూఫర్ల సంగతి అక్కడే తెలిసింది. గుండెలో దమ్మని తగిలే కింది సౌండు వాటిది. కొన్నింటికి ఒకే కోనుకు రెండు కాయిళ్లు ఉంటాయి. 4 ఓమ్సు కాయిళ్లు రెండు ఉంటే, వరసలో కలిపితే 8, పక్కపక్కన కలిపితే 2. అదే పెట్టె, అదే ఆంపు, తీగ మార్చినావంటే లోకం మారిపోతుంది. ఆంపుకు రెండు చానళ్లను బ్రిడ్జి చేసి ఒకే పెట్టెకు ఇస్తే పవరు పెరుగుతుంది. కానీ అప్పుడు ఒక్కో చానలుకు పెట్టె ఓమ్సులో సగమే కనబడుతుంది. అందుకే ఆంపు మీద "బ్రిడ్జిలో 4 ఓమ్సుకు తగ్గరాదు" అని రాసి ఉంటారు. ఆ ఒక్క మాట చదవనందుకు కాలిపోయిన ఆంపులు నేను వందల్లో విప్పినాను. కార్లో కరెంటు 12 వోల్టుల బ్యాటరీది. 400 వాట్లు బయటికి రావాలంటే, ఆంపు వేడికింద తగలేసేది కూడా కలుపుకొని, 60 ఆంపియర్ల దాకా లాగుతుంది. అంత లాగాలంటే తీగ చూపుడు వేలంత లావు ఉండాల. సన్న తీగ పెడితే తీగే పొయ్యి అవుతుంది.

మూడు నెలలు అక్కడ నన్ను ఎవరూ కులం అడగలేదు. అంగడికి అనంతపురం పక్క కారొకటి వచ్చింది. "ఏ ఊరప్పా? ఏమిటోళ్లు?" ఊరు చెప్పినాను. రెండోదానికి నేను తలకాయ కారు డిక్కీలోకి దూర్చి వినబడనట్లు ఉండిపోయినాను. ఇప్పుడైతే చెప్పేవాణ్ణి. అప్పుడు చెప్పలేదు. రాస్తున్నాను గనక ఇది కూడా రాయాల.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా పుట్టింది. ఆ ఉద్యమం మా గేరికి వచ్చేసరికి, మా నాయన దూలానికి తగిలించిన తప్పెటను పిల్లోళ్లు దించి దుమ్ము దులిపినారు. దండోరా అంటేనే చాటింపు. మా సిగ్గుకు పేరైన మాటనే జెండా మీద రాసుకున్నారు. మీటింగుల్లో మాదిగ పిల్లోళ్లు తప్పెట కొడతాంటే నాకు ఒళ్లు పులకరించేది. మా నాయన మాత్రం లేచి పక్కకు పోయి బీడీ ముట్టించుకునేవాడు. "మీరు కొట్టుకోండి. మీకు ఎవురూ కొట్టమని చెప్పలేదు గదా. నాకు చెప్పినారు" అనేవాడు. డప్పు మన సంస్కృతి అని మన రచయితలు రాస్తారు. నేను కాదనను. మా నాయన లెక్క వేరే. ఆ లెక్కను ఎవరూ అడగలేదని ఇక్కడ రాస్తున్నాను. వర్గీకరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు తీర్పు 2024 ఆగస్టు 1న వచ్చింది. ముప్పై ఏండ్లు. అప్పటికి మా నాయన లేడు.

నేను 2004లో వెనక్కొచ్చి కళ్యాణదుర్గంలో అంగడి పెట్టినాను. ట్రాక్సు డ్రైవర్లే నాకు ఆధారం. "అన్నా, గుండెకాయ కదలల్ల, అట్ల పెట్టు" అంటారు. పెద్ద సౌండు వద్దని చెప్పను, నాకూ ఇష్టమే. ఓమ్సు తగ్గించి పెట్టమంటారు, పక్కూరి వాని కంటే ఎక్కువ మోగాలని. ఓమ్సు తగ్గిస్తే కొంచెం సేపు నిజంగానే ఎక్కువ మోగుతుంది. తరవాతే ఖర్చు. పాట మొనలు తెగి చదునవుతాయి, కాయిలు నిలబడిన చోటే వేడెక్కి వార్నిషు వాసన వస్తుంది. ఆ వాసన నాకు నిద్రలో కూడా తెలుస్తుంది.

అంత తెలిసినవాణ్ణి 2012 ఏప్రిల్ 14న ఏం చేసినానో వినండి.

అంతకుముందు అంబేద్కర్ జయంతి ఊరేగింపు మా గేరిలోనే ఒక సుత్తు తిరిగి ఆగేది. ఆ యేడు ఊరి నడివీధిలో పోవాలని పిల్లోళ్లు తీర్మానించినారు. పోలీసు పర్మిషను తెచ్చుకున్నారు, రాత్రి పదికల్లా బంద్ చేయాలన్న షరతుతో. 2000లో వచ్చిన రూలు అది, పది నుంచి పొద్దున ఆరు దాకా మైకు మోగరాదని. రూలు మంచిదే. తిరనాల రాత్రుల్లో అది ఎందుకు నిద్రపోతుందో నాకు తెలియదు.

ట్రాక్సు మీద సెట్టు నేనే బిగించినాను. రెండు సబ్‌వూఫర్లు. ఒక్కోదానికి రెండు 4 ఓమ్సు కాయిళ్లు, వరసలో కలిపితే 8. రెండు పెట్టెలు పక్కపక్కన 4. ఆంపు బ్రిడ్జిలో 4 మోస్తుంది. లెక్క సరిపోయింది. సాయంత్రం బయలుదేరే ముందు పిల్లోళ్లు ఇంకో బండిలో నుంచి అట్లాంటివే రెండు పెట్టెలు ఊడబెరుక్కొచ్చినారు. "అన్నా, రచ్చకట్ట కాడ అదరల్ల." నాలుగు ఎనిమిదులు పక్కపక్కన పెడితే 2. ఆంపు మోయదు. నాకు తెలుసు. తెలిసే పెట్టినాను. ఆ మంటపం గడప, చెట్టు కింద విస్తరి, డెస్కు మీద వేళ్లు, అన్నీ ఆ నిమిషంలో నా చేతిలో ఉన్నాయి. రచ్చకట్ట దాకా లాగితే చాలనుకున్నాను.

లాగలేదు. జనం ముందర నడుస్తాంటే బండి చీమలాగా పోతుంది. ఇంజను నెమ్మదిగా తిరిగితే డైనమో కావాల్సినంత కరెంటు ఇయ్యలేదు. బ్యాటరీ వోల్టేజి పడిపోతుంది. ఏప్రిల్ ఎండకు కాగిన ఇనుప పెట్టెలో ఆంపు. సరిగ్గా రచ్చకట్ట ముందర, పాట మధ్యలో, ఎర్ర లైటు వెలిగి మొత్తం మూగబోయింది.

నూటయాభై మందిమి. రెండు పక్కలా అరుగుల మీద వాళ్లు. ఒక్కసారిగా ఊరంతా కుక్కల అరుపులే వినబడినాయి. అరుగు మీద నుంచి ఒక పెద్దాయన, గొంతులో కోపం లేకుండా, మంచి మాట చెప్పినట్లే అన్నాడు: "మిషను నిలబడితే ఏమాయెప్పా, మీ తప్పెట ఉండాది గదా. కొట్టుకుంటా పోండి." ఎవరో మావాళ్లే ఒకరిద్దరు మా నాయన పక్క చూసినారు. గేరిలో తప్పెట ఉంది, తెప్పిస్తే అయిదు నిమిషాలు. నేను బండి మీద నుంచి చూస్తాండాను. మా నాయన తువ్వాలు భుజం మీద సర్దుకొని అన్నాడు:

"ఇరవై ఒక్క ఏండ్ల మేర బాకీ ఉండాది సామీ. అది కొలిచి పంపండి, కొడతా."

ఎవరూ నవ్వలేదు. అరుగు మీదా నవ్వలేదు, వీధిలోనూ నవ్వలేదు. మా ఆడోళ్లు పిల్లోళ్లను దగ్గరికి లాక్కున్నారు. వెనక్కి మాత్రం ఎవరూ కదలలేదు. నడిచి పోయుంటే ఆ వీధి రెండు నిమిషాల్లో దాటేవాళ్లం. సెట్టు చెడిపోయినందుకు ఆ వీధిలో ఇరవై నిమిషాలు నిలబడినాం. మా జేజి కాలంలో చెప్పులు చేత్తో పట్టుకొని దాటిన వీధి అది.

నా చేతులు వణుకుతాండాయి. మా తమ్ముని కూతురు బండెక్కి సెల్లు లైటు పట్టింది. ఇంటరు చదివేది అప్పుడు, ఎంపీసీ. ముగ్గురు పిల్లోళ్లు అట్టముక్కలతో ఆంపుకు గాలి విసురుతాండారు. నేను రెండు పెట్టెలు పీకేయబోతే ఆ పిల్ల ఆపింది. "పెదనాయనా, రెండు రెండు పక్కపక్కన కలిపితే నాలుగు గదా. ఆ రెండు జతలూ వరసలో పెడితే ఎనిమిది. నాలుగు పెట్టెలూ మోగుతాయి, బ్యాటరీకీ తేలిక." అంతే గదా. ముప్పై ఏండ్ల పనోణ్ణి కాకపోయినా ఇరవై ఏండ్ల పనోణ్ణి, నాకు తట్టలేదు. సౌండు తగ్గుతుందని మాత్రం అన్నాను. "తగ్గితే తగ్గనీ, ఆగకుండా ఉంటే చాలు" అంది.

తీగలు మార్చినాను. ఆంపు చల్లారేదాకా ఆగినాం. ఎర్ర లైటు పోయి పచ్చ లైటు వచ్చింది. పాట మొదలైంది, ముందరంత దమ్ము లేకుండా, మాటలు తేటగా. "బాసు తగ్గిందన్నా" అని ఒకడు గొణిగినాడు. నడివీధి దాటి, దేవళం ముందర నుంచి తిరిగి, పది కాకముందే గేరి చేరినాం.

మరుసటి వారం ఆ ఊరి ట్రాక్సులు రెండు నా అంగడికి రావడం మానేసినాయి. శెనక్కాయ విత్తనాల కాలానికి గేరిలో నాలుగిళ్ల వాళ్లను పనికి పిలవలేదు. వాళ్లు బెంగుళూరు బస్సెక్కినారు. పిల్లోళ్లు తెచ్చిన రెండు పెట్టెల్లో ఒకదాని కాయిలు మీటరులో 3.4 బదులు 1.9 చూపించింది. లోపల చుట్లు కాలి ఒకదానికొకటి అంటుకున్నాయి. విప్పి చూస్తే రాగి తీగ మీద వార్నిషు బెల్లం పాకం రంగులో ఉంది. తప్పు నాది గనక నేనే కొత్త తీగ చుట్టి, కోను అతికించి ఇచ్చినాను. సామానుకు 600 రూపాయలు అయినాయి. పిల్లోళ్లు చందా డబ్బుల్లో నుంచి 400 ఇచ్చినారు. మిగతా 200 నేను అడగలేదు, వాళ్లు ఇయ్యలేదు. మా నాయన అప్పుడప్పుడూ అంగడికి వచ్చి కూర్చున్నప్పుడు అడిగేవాడు, "ఆ పెట్టె బాకీ వచ్చెనా రా?" అని.